తాబేలుకు పాఠం చెప్పిన పిల్లలు

మనలో చాలామందిమి ఇంట్లో తెలుగు మాట్లాడతాం. వీధిలోకి అడుగుపెడితే కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో వినిపిస్తుంది. ఆటలాడే నేస్తాలతో, అంగట్లో దుకాణదారుతో ఆ భాషలోనే మాట్లాడతాం. ఈ వీధిభాషను మనకు ఎవరు నేర్పారు? పలక పట్టించి దిద్దించినవారు లేరు. వ్యాకరణం చెప్పినవారు లేరు. పరీక్ష పెట్టినవారూ లేరు. అయినా అయిదారేళ్లు వచ్చేసరికి రెండు భాషలు మన నాలుకమీద ఆడుతున్నాయి. మాట్లాడవలసిన అవసరం ఉంది. మాట్లాడే మనుషులు చుట్టూ ఉన్నారు. తప్పు మాట్లాడితే నవ్వి సరిదిద్దే నేస్తాలు ఉన్నారు. భాష దానంతట అదే వచ్చింది.

మరి గణితం అలా ఎందుకు రాదు? లెక్కల పరీక్ష అనగానే కొందరికి గుండెల్లో దడ ఎందుకు పుడుతుంది? “నాకు లెక్కలు రావు” అని ఒక పిల్లవాడు తనమీద తానే తీర్పు చెప్పుకొంటున్నాడంటే లోపం వాడి బుద్ధిలో ఉన్నదా? లేక గణితం మాట్లాడే వీధి వాడికి దొరకలేదా?

ఈ ప్రశ్నను జీవితమంతా వెంటబెట్టుకొని తిరిగిన శాస్త్రజ్ఞుడు సీమోర్ పేపర్ట్. ఫ్రాన్సులో పెరిగే పిల్లలకు ఫ్రెంచి భాష ఎంత సహజంగా వస్తుందో, ‘గణితదేశం’ అనేది ఒకటి ఉంటే అక్కడ పెరిగే పిల్లలకు గణితం అంత సహజంగా వస్తుందని ఆయన భావించాడు. అటువంటి దేశం భూగోళంమీద ఎక్కడా లేదు. కంప్యూటరు సహాయంతో దానిని నిర్మించవచ్చునని ఆయన నమ్మాడు. మనిషికీ కంప్యూటరుకూ మధ్య సంభాషణ ఎలా జరగాలి, ఆ సంభాషణవల్ల పిల్లల చదువు ఎలా మారుతుంది అనే విషయాలమీద దాదాపు నలభై ఏళ్లు పరిశోధన చేశాడు.

పేపర్ట్ 1928 ఫిబ్రవరి 29వ తేదీన దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరంలో జన్మించాడు. తండ్రి కీటకశాస్త్రజ్ఞుడు. రెండేళ్లు నిండకముందే పేపర్ట్‌కు మోటారుకార్లంటే ఎనలేని ప్రీతి కలిగింది. కారు భాగాల పేర్లు వల్లించి మురిసిపోయేవాడు. కొంచెం పెద్దవాడయ్యాక ఆ భాగాల్లోని పళ్లచక్రాలు ఆయన మనస్సును దోచుకొన్నాయి. ఒక చక్రం తిరిగితే దాని పళ్లలో పళ్లు కలిపిన మరో చక్రం ఎదురుదిశలో తిరుగుతుంది. చిన్నచక్రం రెండుసార్లు తిరిగితే పెద్దచక్రం ఒక్కసారే తిరగవచ్చు. ఇవన్నీ ఆ బాలుడు కళ్లు మూసుకొని తలలోనే తిప్పి చూసుకొనేవాడు.

బడిలో ఎక్కాలు నేర్చుకొనేటప్పుడు ఆయనకు అవి పళ్లచక్రాలుగానే కనిపించాయి. తరువాత రెండు అవ్యక్తరాశులున్న సమీకరణాలు పాఠంగా వచ్చాయి. తోటివారికి కొత్తగా తోచిన ఆ సమీకరణం పేపర్ట్‌కు పాత నేస్తంలా తోచింది. కారణం కారులోని ‘డిఫరెన్షియల్’ అనే భాగం. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు చక్రం నెమ్మదిగా, బయటివైపు చక్రం వేగంగా తిరగాలి. ఇంజను ఇచ్చే కదలికను రోడ్డు అవసరాన్నిబట్టి రెండు చక్రాలకూ పంచే పళ్లచక్రాల అమరికే డిఫరెన్షియల్. ఒక చక్రం వేగం తగ్గితే రెండవదాని వేగం ఎంత పెరగాలో ఆయనకు చిన్ననాటినుంచే తెలుసు. సమీకరణంలోని రెండు అవ్యక్తరాశుల సంబంధమూ అటువంటిదే గదా!

పెద్దయ్యాక పేపర్ట్ ఈ అనుభవాన్ని లోతుగా పరిశీలించాడు. పిల్లలందరికీ పళ్లచక్రాలు కొనిస్తే చాలునా అని తనను తాను ప్రశ్నించుకొన్నాడు. చాలదనే సమాధానం వచ్చింది. తనకు చక్రాలమీద ప్రేమ పుట్టింది. ఆ ప్రేమవల్లనే లెక్కలు వంటబట్టాయి. మరొకరికి సంగీతంమీద, ఇంకొకరికి బొమ్మలమీద ప్రేమ ఉండవచ్చు. ఒక్కొక్కరికి ఒక్కొక్క వస్తువు కావాలి. పగటివేషగాడు పూటకొక వేషం కట్టినట్లు ఎవరికి కావలసిన రూపం వారికి చూపగల యంత్రం ఏదైనా ఉన్నదా? ఉన్నది. అదే కంప్యూటరు.

అయితే ఆ ఆలోచన రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆయన పెరిగిన దక్షిణాఫ్రికాలో నల్లవారిని తెల్లవారు వేరుగా, తక్కువగా చూసేవారు. 1948లో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం ఈ వర్ణవివక్షనే రాజ్యవిధానం చేసింది. పేపర్ట్ విద్యార్థిదశలోనే దానిని వ్యతిరేకించే ఉద్యమాల్లో పాల్గొన్నాడు. జొహానెస్‌బర్గులోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో గణితంలో 1952లో డాక్టరేటు పట్టం పొందాడు. ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంనుండి 1959లో గణితంలోనే రెండవ డాక్టరేటు పొందాడు.

తరువాత ఆయనను స్విట్జర్లాండులోని జెనీవా నగరం ఆకర్షించింది. అక్కడ జీన్ పియాజె అనే మనస్తత్వవేత్త పసిపిల్లల ఆలోచనలను పరిశోధిస్తున్నాడు. ఒక వెడల్పైన గ్లాసులోని నీళ్లను సన్నని పొడుగాటి గ్లాసులో పోసి చూపిస్తే, నాలుగేళ్ల పిల్లలు నీళ్లు ఎక్కువయ్యాయంటారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు “అవే నీళ్లు” అంటారు. ఈ మార్పు ఎవరో చెప్పగా రాలేదు. పోసి, ఒలికించి, చూసి పిల్లలే కట్టుకొన్న జ్ఞానం అది. పిల్లల మనస్సు ఖాళీకుండ కాదనీ, జ్ఞానాన్ని వారే నిర్మించుకొంటారనీ పియాజె చూపించాడు. పేపర్ట్ 1958నుండి కొన్నేళ్లు ఆయనవద్ద పనిచేశాడు. పియాజె సిద్ధాంతానికి తరువాతి రోజుల్లో తన మాట ఒకటి చేర్చాడు. పిల్లలు తలలోపల జ్ఞానం కట్టుకోవాలంటే తలబయట చేతులతో ఏదో ఒకటి కట్టాలి. అది ఇసుకగూడు కావచ్చు, కథ కావచ్చు, యంత్రం కావచ్చు. నలుగురికీ చూపించి మాట్లాడుకోదగిన వస్తువు కావాలి. ‘చేస్తూ నేర్చుకోవడం’ అనే ఈ భావనే ఆయన సిద్ధాంతానికి ప్రాణం.

1960ల మొదటి భాగంలో పేపర్ట్ అమెరికా చేరాడు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో మార్విన్ మిన్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి కృత్రిమమేధమీద పరిశోధన చేశాడు. యంత్రానికి ఆలోచన నేర్పడం ఎలాగో ఆ ప్రయోగశాలలో వెతుకుతుండేవారు. యంత్రానికి ఒక పని నేర్పాలంటే ముందు ఆ పనిని మనం ఎలా చేస్తున్నామో మనకు తెలియాలి. నేర్పేవాడికే ఎక్కువ వస్తుందన్నమాట. ఈ అవకాశం పెద్ద శాస్త్రజ్ఞులకే ఎందుకు పరిమితం కావాలి? యంత్రానికి పాఠం చెప్పే పని పిల్లలకు అప్పగిస్తే ఏమవుతుంది? పేపర్ట్‌కు కలిగిన ఈ ఆలోచన ఆ రోజుల్లో చాలామందికి వింతగా తోచింది. అప్పటి కంప్యూటరు గదినిండా ఉండే ఖరీదైన యంత్రం. దానిని తాకే అధికారం నిపుణులకే ఉండేది.

1967లో పేపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్‌జిగ్, డేనియల్ బాబ్రో మొదలైనవారు కలిసి పిల్లలకోసం ఒక కంప్యూటరు భాషను రూపొందించారు. దానికి ‘లోగో’ అని పేరుపెట్టారు. గ్రీకుభాషలో ‘మాట’ అనే అర్థమున్న పదంనుండి ఈ పేరు వచ్చింది. 1968-69 విద్యాసంవత్సరంలో లెక్సింగ్టన్ పట్టణంలోని ఒక పాఠశాలలో ఏడవ తరగతి పిల్లలకు లోగో నేర్పారు. అప్పుడు తెరలు లేవు. టైపుమిషను వంటి యంత్రంమీద పిల్లలు ఆజ్ఞ కొడితే అది టెలిఫోను తీగగుండా దూరాన ఉన్న కంప్యూటరుకు చేరేది. జవాబు కాగితంమీద అచ్చయి వచ్చేది.

తొలిరోజుల్లో పిల్లలు లోగోతో మాటలు, వాక్యాలు తయారుచేయించారు. ఒక పదమూడేళ్ల బాలిక కంప్యూటరుచేత కవిత్వం చెప్పించాలనుకొన్నది. కొన్ని మాటలు దానికి అందించి, వాటిని ఇష్టం వచ్చినట్లు కలిపి వాక్యాలు చేయమన్నది. వచ్చినవన్నీ అర్థంపర్థంలేని మాటల కుప్పలు. వాక్యం వాక్యంలా ఉండాలంటే ఏం చేయాలి? పేర్లు తెలిపే మాటలను ఒక పెట్టెలో, పనులు తెలిపే మాటలను మరొక పెట్టెలో వేసి, ఈ పెట్టెలోనుంచి ఒకటి, ఆ పెట్టెలోనుంచి ఒకటి తీయమనాలి. అంతవరకు నామవాచకం, క్రియ అనేవి ఆమెకు పరీక్షకోసం బట్టీపట్టిన పేర్లు మాత్రమే. అవి ఎందుకున్నాయో ఆ రోజున తెలిసింది. తెలిసిన సంతోషంతో పరుగున వచ్చి చెప్పింది. వ్యాకరణం ఆమె చేతిలో పనిముట్టు అయింది.

ఆ పాఠశాలలోనే పేపర్ట్ మరో దృశ్యం చూశాడు. చిత్రలేఖనం తరగతిలో పిల్లలు సబ్బుబిళ్లలను చెక్కి బొమ్మలు చేస్తున్నారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క బొమ్మ. వారాల తరబడి ఓపికగా చెక్కుతున్నారు. పక్కవారి బొమ్మ చూస్తున్నారు, తమది చూపిస్తున్నారు, విరిగితే మళ్లీ మొదలుపెడుతున్నారు. లెక్కల తరగతిలో అయితే చిన్నలెక్క ఇస్తారు, నిమిషంలో చేయాలి, అది ఒప్పో తప్పో తేలగానే మరొక లెక్క. గణితం తరగతి కూడా సబ్బుబొమ్మల తరగతిలా ఉంటే ఎంత బాగుంటుందని పేపర్ట్ అనుకొన్నాడు.

ఈ తపనకు సమాధానంగా పుట్టినదే లోగో తాబేలు. 1970 ప్రాంతంలో తయారైన మొదటి తాబేలు నేలమీద చక్రాలపై నడిచే యంత్రం. బోర్లించిన గిన్నెలాంటి డిప్ప, డిప్పకింద కలం ఉండేవి. పిల్లలు ఆజ్ఞ ఇస్తే నేలమీద పరచిన కాగితంపై గీత గీస్తూ కదిలేది. తరువాత కంప్యూటరుకు తెర వచ్చింది. తాబేలు తెరమీదకు ఎక్కింది.

తాబేలుకు తెలిసిన మాటలు కొన్నే. వాటిని మన భాషలో చెప్పుకొంటే ‘ముందుకు 100’ అంటే నూరు అడుగులు నడుస్తుంది. ‘కుడికి 90’ అంటే ఉన్నచోటనే తొంభై డిగ్రీలు కుడివైపు తిరుగుతుంది. ఈ రెండు ఆజ్ఞలను నాలుగుసార్లు ఇస్తే చతురస్రం గీసి, బయలుదేరిన చోటికే వస్తుంది. ఆ ఆజ్ఞల వరుసకు ‘చతురస్రం’ అనో, ‘పెట్టె’ అనో, మనకు నచ్చిన పేరు పెట్టి నేర్పితే తాబేలు ఆ మాటను గుర్తుంచుకొంటుంది. మరుసటిసారి ఆ ఒక్కమాట అంటే చాలు. పిల్లవాడు గురువు, తాబేలు శిష్యుడు.

ఇప్పుడు త్రిభుజం గీయిద్దాం. సమబాహు త్రిభుజంలో ఒక్కొక్క కోణం 60 డిగ్రీలని మనకు తెలుసు. కనుక ‘ముందుకు 100, కుడికి 60’ అని మూడుసార్లు చెబుదాం. తాబేలు నడుస్తుంది. కాని త్రిభుజం రాదు! సగం కట్టి వదిలేసిన ప్రాకారంలాంటి ఆకారం వస్తుంది. తాబేలు బయలుదేరిన చోటికి చేరనే లేదు. మరో మూడుసార్లు అదే ఆజ్ఞ ఇస్తే ఆరుభుజాల బొమ్మ పూర్తవుతుంది.

తప్పు ఎక్కడ జరిగింది? తెలుసుకోవడానికి పేపర్ట్ చెప్పిన ఉపాయం మనమే తాబేలు కావడం. లేచి నిలబడి త్రిభుజం అంచువెంట నడిచి చూడండి. మూలకు చేరినప్పుడు మీ ముఖం నేరుగా ముందుకు ఉంటుంది. రెండవ భుజంవైపు తిరగాలంటే ఎంత తిరగాలి? త్రిభుజం లోపలి కోణమంత కాదు. నేరుగా ఉన్న చూపునుండి రెండవ భుజం దిశవరకు తిరగాలి. అది 180లోనుంచి 60 తీసివేస్తే మిగిలే 120 డిగ్రీలు. ‘కుడికి 120’ అని మార్చగానే చక్కని త్రిభుజం వస్తుంది.

ఇంతటితో ఆగకుండా లెక్క చూడండి. త్రిభుజానికి 120 చొప్పున మూడుసార్లు తిరిగాం: 360. చతురస్రానికి 90 చొప్పున నాలుగుసార్లు: 360. ఆరుభుజాల బొమ్మకు 60 చొప్పున ఆరుసార్లు: 360. ఇటువంటి బొమ్మ ఏదైనా సరే, దానిని చుట్టి బయలుదేరినచోటికి వచ్చి, మొదట చూసిన దిక్కుకే ముఖం పెడితే మొత్తంమీద ఒక పూర్తి చుట్టు తిరిగినట్లే. అయితే వృత్తం ఎలా గీయాలి? ‘ముందుకు 1, కుడికి 1’ అని 360 సార్లు అంటే చాలు. మన కంటికి అది వృత్తమే. కాళ్లతో నడిచి కనుగొన్న సిద్ధాంతాన్ని ఎవరు మరచిపోతారు?

పై ఉదాహరణలో అసలు పాఠం త్రిభుజం గురించి కాదు, తప్పు గురించి. బడిలో తప్పు అంటే ఎర్రసిరా గీత. దానిని దాచిపెట్టాలని, చెరిపేయాలని చూస్తాం. ప్రోగ్రాములు రాసేవారి లోకంలో మొదటిసారే సరిగా పనిచేసే ప్రోగ్రాము అరుదు. తప్పును వారు ‘బగ్’, అంటే పురుగు అంటారు. ధాన్యంలో పురుగును ఏరినట్లు ఓపికగా వెతికి తీసేస్తారు. “ఇది తప్పా ఒప్పా?” అని వారు అడగరు; “దీన్ని ఎలా బాగుచేయాలి?” అని అడుగుతారు. ఈ అలవాటు పిల్లలకు అబ్బితే చదువంటే భయం పోతుందని పేపర్ట్ చెప్పాడు.

లోగో భాషను కూర్చినవారు ఈ విషయంలో ఎంత జాగ్రత్త తీసుకొన్నారో గమనించండి. పిల్లవాడు ‘చతురస్రం’ అనబోయి ‘చతురసం’ అని కొట్టాడనుకొందాం. “నీవు తప్పు చేశావు” అని లోగో అనదు. ఆ పని ఎలా చేయాలో తనకు తెలియదని మాత్రం చెబుతుంది. తెలియనిది యంత్రానికి, నేర్పవలసినది పిల్లవాడు. యంత్రం మనిషితో ఏ మాట అనాలి, ఎలా అనాలి అని ఆలోచించడం కూడా ఒక శాస్త్రమే. ఆ శాస్త్రంలో లోగో ఒక మంచి ఉదాహరణ.

1970ల చివర బ్రూక్‌లైన్ పట్టణంలో ఆరవ తరగతి పిల్లలతో జరిగిన ప్రయోగంలో ఒక బాలిక ఉండేది. ఆమెకు చదువంటే బెదురు. ప్రతి చిన్నపనికీ టీచరు అనుమతి, మెప్పు కావాలి. తాబేలును ఏ కోణంలోనైనా తిప్పవచ్చునంటే ఆమె మరీ భయపడింది. చివరకు తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకొన్నది: తాబేలును కుడికి 30 డిగ్రీలు మాత్రమే తిప్పుతాను. 90 కావాలంటే మూడుసార్లు, ఎడమకు 30 తిరగాలంటే కుడికి పదకొండుసార్లు! చూసేవారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. కాని ఆ చిన్న గిరిలో ఆమె రాణి. అక్కడ ఎవరినీ అడగనక్కరలేదు. కొన్నివారాలు ఆ గిరిలోనే బొమ్మలు కట్టి, ధైర్యం చిక్కాక తానే బయటికి వచ్చింది. ఎవరైనా ముందే తొందరపెట్టి ఉంటే ఆ ధైర్యం వచ్చేది కాదు.

ఈ అనుభవాలన్నిటినీ పేపర్ట్ 1980లో ‘మైండ్‌స్టార్మ్స్’ అనే గ్రంథంగా వెలువరించాడు. అప్పటికి చిన్నకంప్యూటర్లు మార్కెట్టులోకి వచ్చాయి. అనేక దేశాల పాఠశాలల్లో లోగో ప్రవేశించింది. ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు వంటి భాషల్లోకి దాని ఆజ్ఞలు మారాయి. అయితే చాలా పాఠశాలల్లో కంప్యూటరు ప్రశ్న అడుగుతుంది, పిల్లవాడు జవాబు చెబుతాడు, అది మార్కులు వేస్తుంది. ఇది పేపర్ట్‌కు నచ్చలేదు. అలా చేస్తే కంప్యూటరే పిల్లవాడిని నడిపిస్తున్నట్లు. పిల్లవాడే కంప్యూటరును నడిపించాలన్నది ఆయన పట్టు.

1980ల ఆరంభంలో ఫ్రాన్సు ప్రభుత్వం పారిస్‌లో ఒక ప్రపంచ కంప్యూటరు కేంద్రాన్ని నెలకొల్పింది. పేదదేశాల ప్రజలకు కంప్యూటరు ఎలా ఉపకరిస్తుందో పరిశోధించడం దాని ఆశయం. పేపర్ట్ అందులో కొంతకాలం పనిచేశాడు. ఆ కృషిలో భాగంగా ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో డాకర్ ప్రాంతపు పిల్లలకు కంప్యూటర్లు అందాయి. ఆ పారిస్ కేంద్రానికి ముఖ్యశాస్త్రజ్ఞుడుగా పనిచేసినవాడు తెలుగువాడు కావడం మనకు గర్వకారణం. ఆయనే 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన ఆచార్య రాజ్‌రెడ్డి. మనిషి మాటను కంప్యూటరు గ్రహించేటట్లు చేయడానికి ఆయన చేసిన కృషి ప్రసిద్ధం. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో ఆయనకు లభించింది.

పేపర్ట్ భావాలను అందరూ అంగీకరించలేదు. 1984లో న్యూయార్కులోని బ్యాంక్ స్ట్రీట్ విద్యాకళాశాల పరిశోధకులు రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ తమ పరిశీలన ఫలితాలు ప్రకటించారు. లోగో నేర్చుకొన్న పిల్లలు ఇతర పనులకు పథకం వేసుకోవడంలో మిగతావారికంటే మెరుగుగా లేరని వారు తేల్చారు. కొయ్య ఉన్నంతమాత్రాన మంచి ఇల్లు తయారవుతుందా, వడ్రంగి పనితనం కావద్దా అనే ధోరణిలో పేపర్ట్ సమాధానమిచ్చాడు. ఫలితం కంప్యూటరుది కాదు, దానిచుట్టూ బడిలో అల్లుకొన్న వాతావరణానిది అన్నాడు. ఇరువైపులా సత్యం ఉన్నది. యంత్రం ఇచ్చి చేతులు దులుపుకొంటే చదువు రాదనే విషయం మాత్రం ఇద్దరి మాటల్లోనూ కనిపిస్తుంది.

1985లో ప్రారంభమైన మీడియా ల్యాబ్ అనే పరిశోధనశాలలో పేపర్ట్ తన కృషిని కొనసాగించాడు. డెన్మార్కుకు చెందిన లెగో బొమ్మల సంస్థతో కలిసి, పిల్లలు తాము కట్టిన ఆటబొమ్మలను తామే ప్రోగ్రాముతో నడిపే ఏర్పాటు చేశాడు. 1998లో ఆ సంస్థ విడుదలచేసిన మరబొమ్మల పెట్టెకు పేపర్ట్ గ్రంథం పేరే పెట్టారు. 1999నుండి మెయిన్ రాష్ట్రంలో నేరాలుచేసి నిర్బంధంలో ఉన్న బాలుర మధ్య ఒక ప్రయోగశాల నడిపాడు. బడి వద్దన్న ఆ పిల్లలు అక్కడ యంత్రాలు, వాద్యాలు తయారుచేశారు. ఆ రాష్ట్రమే 2002లో ఏడవ తరగతి పిల్లలందరికీ ల్యాప్‌టాప్ కంప్యూటర్లు ఇచ్చింది. దానివెనుక పేపర్ట్ ప్రేరణ ఉన్నది. 2005లో, ప్రపంచంలోని ప్రతి పేదబిడ్డకూ చౌకధరలో ఒక కంప్యూటరు అందించాలనే ఉద్యమం మొదలైంది. అందులోనూ ఆయన ముఖ్యుడు. పెరూ దేశంలో ఆ కంప్యూటర్లు ఎన్నో లక్షలు పంచారు. అయినా లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరగలేదని 2012లో ఒక పరిశీలన తెలిపింది. కొయ్యా వడ్రంగీ అన్న మాట మరోసారి రుజువైంది.

2006 డిసెంబరులో గణితవిద్య సదస్సుకు పేపర్ట్ వియత్నాం రాజధాని హనోయ్ వెళ్లాడు. అక్కడి వీధుల్లో ప్రవాహంలా సాగే వాహనాలను గణితంలో ఎలా చూపవచ్చునో మిత్రుడితో చర్చించాడు. అదే నగరంలో రోడ్డు దాటుతుండగా ఒక మోటారుసైకిలు ఆయనను ఢీకొన్నది. మెదడుకు తీవ్రమైన దెబ్బ తగిలి స్పృహ కోల్పోయాడు. ప్రాణం దక్కింది గాని, మాటను మళ్లీ కూడగట్టుకోవలసి వచ్చింది. నేర్చుకోవడం ఎలాగో లోకానికి చెప్పినవాడు మళ్లీ విద్యార్థి అయ్యాడు. 2016 జూలై 31న, తన 88వ ఏట, మెయిన్ రాష్ట్రంలోని బ్లూహిల్ అనే ఊరిలో కన్నుమూశాడు.

ఆయన నాటిన విత్తనం మొక్కై పెరిగింది. శిష్యుడు మిచెల్ రెస్నిక్ బృందం 2007లో ‘స్క్రాచ్’ అనే భాషను విడుదల చేసింది. రంగురంగుల ముక్కలను ఒకదానికొకటి అతికించి పిల్లలు కథలు, ఆటలు తయారుచేస్తారు. అది డెబ్బైకి పైగా భాషల్లో లభిస్తున్నది. పెద్దలు వాడే పైథాన్ అనే కంప్యూటరు భాషలో కూడా నేటికీ ఒక తాబేలు బొమ్మలు గీస్తూనే ఉంది.

ఈనాటి కంప్యూటర్లు అడిగినదే తడవుగా జవాబు చెబుతున్నాయి, వ్యాసాలు సైతం రాసిపెడుతున్నాయి. పేపర్ట్ వేసిన ప్రశ్నకు అందుకే మరింత బలం వచ్చింది: యంత్రం మనకు పని చెబుతున్నదా, మనం యంత్రానికి పని చెబుతున్నామా? మీ ఊరి బడిలో కంప్యూటరు ఉన్నా, లేకపోయినా ఆయన పద్ధతిని మీరు ఈరోజే అనుసరించవచ్చు. ఏదైనా తెలియనప్పుడు దానిని మరొకరికి నేర్పడానికి ప్రయత్నించండి. తప్పు వస్తే చెరిపేయకముందు ఒక్కసారి దానివెంట నడచి చూడండి. త్రిభుజం రాకపోవడంవల్లనే గదా మనకు 360 సంగతి తెలిసింది!

అర్థాలు

అవ్యక్తరాశి = విలువ తెలియని రాశి
ఇరువైపులా = రెండు పక్షాలలోనూ
చాదస్తం = అనవసరమైన పట్టుదల
పగటివేషగాడు = పగటిపూట ఇంటింటికీ తిరిగి రకరకాల వేషాలు ప్రదర్శించే కళాకారుడు
ప్రాకారం = ప్రహరీగోడ
వర్ణవివక్ష = ఒంటిరంగునుబట్టి మనుషులను వేరుగా చూడడం

అభ్యాసం

1. మీకు వచ్చిన రెండవ భాష ఎలా వచ్చిందో గుర్తుచేసుకొని పది వాక్యాలలో రాయండి.
2. పళ్లచక్రాలు పేపర్ట్‌కు గణితంలో ఎలా తోడ్పడ్డాయి?
3. లెక్కల తరగతికీ, సబ్బుబొమ్మల తరగతికీ పేపర్ట్ చూసిన భేదం ఏమిటి? మీ అభిప్రాయం తెలపండి.
4. “కొయ్య ఉన్నంతమాత్రాన మంచి ఇల్లు తయారవుతుందా?” ఈ మాట ఏ సందర్భంలోది? పెరూ అనుభవానికి ఇది ఎలా వర్తిస్తుంది?
5. ఒక నేస్తాన్ని తాబేలుగా నిలబెట్టి, ‘ముందుకు’, ‘కుడికి’ అనే ఆజ్ఞలతో బడి ఆవరణలో అయిదుభుజాల బొమ్మ నడిపించండి. ప్రతి మూలవద్ద ఎన్ని డిగ్రీలు తిరగాలో ముందుగా లెక్కకట్టండి.
6. ఈ పాఠంలోని పది నామవాచకాలను, పది క్రియలను రెండు పెట్టెలుగా రాసి, ఒక్కొక్కదానినుంచి ఒక్కొక్కటి తీసి వాక్యాలు చేయండి. వాటిలో అర్థవంతమైనవి ఎన్ని?